పైన పరికరం, కింద ప్రోగ్రాములు

అంతరిక్షంలో తిరిగే శాస్త్రీయ పరికరం నుంచి నేలకు దిగేవి అంకెలు. ఏ సెన్సర్‌లో ఎంత విద్యుత్తు పుట్టింది, ఏ క్షణాన పుట్టింది అని చెప్పే అంకెలు. వాటిలోంచి ఒక నక్షత్రాన్నో, గెలాక్సీనో, విస్ఫోటాన్నో బయటికి తీసేది సాఫ్ట్‌వేర్. అది లేకపోతే ఎంత ఖరీదైన పరికరమైనా కక్ష్యలో తిరిగే బరువే. ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు సాధారణంగా ఒకచోట ఉండరు. దేశాలు వేరు, సంస్థలు వేరు, నేర్చుకున్న విద్యలూ వేరు. వాళ్లలో చాలామందికి ప్రోగ్రాములు రాయడం వృత్తి కూడా కాదు. భౌతిక శాస్త్రవేత్తలు, పరిశోధక విద్యార్థులు. ఇంతమంది రాసిన కోడ్ ఒక్క పరికరంగా పనిచేసేలా చూడటం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఫెర్మీ గామా కిరణాల టెలిస్కోపును మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

ఈ ఉపగ్రహం 2008 జూన్ 11న ఫ్లోరిడాలోని కేప్ కెనావరల్ నుంచి డెల్టా 2 రాకెట్ మీద బయలుదేరింది. అప్పటి పేరు గ్లాస్ట్. అదే ఏడాది ఆగస్టులో నాసా దానికి ఎన్రికో ఫెర్మీ పేరు పెట్టింది. అందులో ప్రధాన పరికరం లార్జ్ ఏరియా టెలిస్కోప్, పొట్టిగా ల్యాట్. దీని శాస్త్ర బృందానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ మైకెల్సన్ నాయకత్వం వహించారు. అమెరికా, ఇటలీ, ఫ్రాన్స్, జపాన్, స్వీడన్ దేశాల సంస్థలు కలిసి దీన్ని కట్టాయి. ఖర్చు భరించిన వాటిలో నాసాతో పాటు అమెరికా ఇంధన శాఖ కూడా ఉంది. ఖగోళ శాస్త్రం, కణ భౌతిక శాస్త్రం రెండూ ఇందులో కలిశాయి కాబట్టే ఆ శాఖ ముందుకొచ్చింది. సాఫ్ట్‌వేర్ కథ మొత్తాన్నీ నడిపించింది కూడా ఆ కలయికే.

గామా కిరణాన్ని అద్దంతో మళ్లించలేం, కటకంతో ఒక బిందువు దగ్గరికి చేర్చలేం. దాన్ని పట్టుకోవాలంటే అది దేన్నైనా ఢీకొట్టాలి. ల్యాట్ లోపల టంగ్‌స్టన్ రేకులు ఉంటాయి. వాటిని తాకిన గామా కిరణం ఒక ఎలక్ట్రాన్‌గా, ఒక పాజిట్రాన్‌గా విడిపోతుంది. రేకుల మధ్య పరిచిన సిలికాన్ పట్టీలు ఆ రెండూ వెళ్లిన దారిని గుర్తిస్తాయి. కింద ఉన్న సీజియం అయొడైడ్ స్ఫటికాలు వాటి శక్తిని కొలుస్తాయి. మొత్తం 16 టవర్లు, నాలుగు వరుసల్లో నాలుగేసి. పట్టీల నుంచి వచ్చే విద్యుత్ మార్గాలు దాదాపు 9 లక్షలు, స్ఫటికాలు 1,536. వీటన్నిటినీ కప్పుతూ 89 ప్లాస్టిక్ పలకల కవచం ఉంటుంది. విద్యుదావేశం ఉన్న కణం ఏదైనా దూరితే ఆ పలకలు మెరుస్తాయి. గామా కిరణానికి ఆవేశం లేదు కాబట్టి చప్పుడు లేకుండా దాటిపోతుంది.

సిలికాన్ భాగాన్ని కూర్చింది ప్రధానంగా ఇటలీ బృందాలు. సెన్సర్లు జపాన్ నుంచి వచ్చాయి. స్ఫటికాల భాగం వాషింగ్టన్‌లోని నౌకాదళ పరిశోధనాలయంలో తయారైంది. అందులో ఫ్రాన్స్, స్వీడన్ వాళ్ల చేయి ఉంది. పలకల కవచం నాసా గాడర్డ్ కేంద్రానిది. అన్నిటినీ ఒకచోట చేర్చి బిగించింది కాలిఫోర్నియాలోని స్లాక్ ప్రయోగశాల. సాఫ్ట్‌వేర్ పనిని కూడా సహజంగానే ఇదే తీరున పంచుకున్నారు: ఏ భాగం కట్టినవాళ్లు ఆ భాగం లెక్కలు రాశారు. అయితే లోహంతో చేసిన భాగాలకు కొలతలు గీసిన పటం ఉంటుంది, మరలు సరిపోకపోతే కంటికే కనబడుతుంది. రెండు ప్రోగ్రాములు ఒకదానికొకటి సరిపోకపోతే ఆ సంగతి ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. కక్ష్యలో ఉన్న పరికరం విషయంలో అంత ఆలస్యం ప్రమాదకరం.

పని ఎంత పెద్దదో తెలియాలంటే ఒక సంగతి చాలు. అంతరిక్షంలో గామా కిరణాలు చాలా అరుదు. ప్రోటాన్ల వంటి కాస్మిక్ కణాలు వాటికంటే ఎన్నో వేల రెట్లు ఎక్కువగా వచ్చి పడుతుంటాయి. పరికరం సెకనుకు రెండు వేలకు పైగా సార్లు ఏదో జరిగిందని మేల్కొంటుంది. పైనున్న కంప్యూటర్లు పనికిరానివని తేలినవాటిని అక్కడే వదిలేసి, సెకనుకు కొన్ని వందల ఘటనలను నేలకు పంపుతాయి. నేల మీద జల్లెడ పట్టాక మిగిలే అసలు గామా కిరణాలు సెకనుకు కొన్ని మాత్రమే. ఈ ఏరివేత అంతా సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంది. అది కొంచెం కఠినంగా ఉంటే అసలు కిరణాలు పోతాయి, కొంచెం ఉదారంగా ఉంటే కాస్మిక్ కణాలు కిరణాల వేషంలో లోపలికొస్తాయి.

అందుకే ఈ బృందం సిమ్యులేషన్‌తో మొదలుపెట్టింది. పరికరం ఇంకా కాగితం మీద ఉండగానే దాని నమూనాను కంప్యూటర్‌లో కట్టి, దాని మీద కల్పిత కణాలను కురిపించి, ఏం జరుగుతుందో చూశారు. కవచాన్ని 89 పలకలుగా విడగొట్టడం వెనుక కూడా ఇలాంటి ఆలోచనే ఉంది. అంతకుముందు 1991లో పైకి వెళ్లిన ఈగ్రెట్ అనే పరికరానికి కవచం ఒకే గుమ్మటం. బాగా శక్తి ఉన్న గామా కిరణం లోపల ఢీకొన్నప్పుడు కొన్ని కణాలు వెనక్కి ఎగిరి ఆ గుమ్మటాన్ని తాకేవి. దాంతో పరికరం తాను పట్టుకున్న కిరణాన్ని తానే పనికిరాదని తోసిపుచ్చేది. పలకలుగా విడదీస్తే, మెరిసిన పలక కిరణం వచ్చిన దారిలో ఉందా లేక పక్కన ఎక్కడో ఉందా అని ప్రోగ్రాము తేల్చుకోగలదు. అంటే కవచం ఆకారాన్ని నిర్ణయించినప్పుడే దాన్ని చదవబోయే కోడ్‌ను కూడా లెక్కలోకి తీసుకున్నారన్నమాట.

సిమ్యులేషన్‌కు పునాది జియాంట్4 అనే కోడ్. యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాల కేంద్రంగా ఎన్నో దేశాలవాళ్లు కలిసి రాసిన సరంజామా అది. దాని మీద తమ పరికరాన్ని వర్ణించేటప్పుడు ల్యాట్ బృందం ఒక కట్టుబాటు పెట్టుకుంది. పరికరంలోని ప్రతి పొర మందం, ప్రతి స్ఫటికం పొడవు, ప్రతి పలక స్థానం ఒకే చోట, ఒకే వర్ణనలో ఉండాలి. సిమ్యులేషన్ చేసే ప్రోగ్రామూ, కణాల దారిని మళ్లీ కట్టే ప్రోగ్రామూ, తెర మీద బొమ్మ గీసే ప్రోగ్రామూ అన్నీ అక్కడి నుంచే చదువుకోవాలి. ఎవరికి వారు తమ కోడ్‌లో కొలతలు రాసుకుంటే, ఒక రేకు మందం మారిన రోజున మూడు చోట్ల మార్చి నాలుగోచోట మరిచిపోవడం ఖాయం. చిన్న విషయంలా కనిపించినా, సమన్వయంలో సగం కష్టాన్ని తీర్చేవి ఇలాంటి కట్టుబాట్లే.

మరొకటి చట్రం. ఎవరి ప్రోగ్రాము వాళ్లు విడివిడిగా రాసి చివర్లో అతికించే బదులు, అందరి ముక్కలూ ఒకే చట్రంలో ఒదగాలని నిర్ణయించారు. ఇందుకు సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం కోసం తయారైన గౌడీ అనే చట్రాన్ని తెచ్చుకున్నారు. అందులో ఒక్కో పని ఒక్కో ముక్క. స్ఫటికాల శక్తిని లెక్కించే ముక్క తన ఫలితాన్ని అందరికీ తెలిసిన చోట పెడుతుంది. దారిని వెతికే ముక్క దాన్ని అక్కడి నుంచి తీసుకుంటుంది. ఒకరి కోడ్ లోపల ఏముందో రెండోవారు చూడనక్కర్లేదు. ఏది ఎక్కడ, ఏ రూపంలో ఉంటుందో తెలిస్తే చాలు. ప్రతి ముక్కకూ పూచీ పడే మనిషి ఒకరు ఉంటారు. మార్పులన్నీ ఒకే కోడ్ భాండాగారంలో నమోదవుతాయి. అక్కడి నుంచి రాత్రిపూట మొత్తం కోడ్‌ను ఎవరి ప్రమేయమూ లేకుండా మళ్లీ కూర్చి, పరీక్షలు నడిపి, ఎక్కడ తెగిందో పొద్దున్నే చెప్పే ఏర్పాటు ఉండేది. బృందంలో కొందరు విండోస్ మీద, చాలామంది లినక్స్ మీద పనిచేసేవారు. ఒకదాని మీద నడిచిన కోడ్ రెండోదాని మీద మొరాయించడం మామూలే. రెండింటి మీదా కూర్చి చూడటం భారమే అయినా, ఒకచోట దాక్కున్న తప్పులు రెండోచోట బయటపడేవి.

పైకి వెళ్లే కోడ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరమైంది. ఉపగ్రహంలోని కంప్యూటర్లలో ఘటనలను వడగట్టే కోడ్‌నే నేల మీది సిమ్యులేషన్‌లోనూ నడిపించారు. దాని నకలు, దాని వివరణ, దానికి దగ్గరగా రాసిన మరో ప్రోగ్రాము వంటివాటితో సరిపెట్టుకోలేదు. పైన ఏది పోతుందో, ఏది నిలుస్తుందో కింద ఉన్నవాళ్లు అంచనా వేయాలంటే ఇంతకు మించిన దారి లేదు.

మనుషుల మధ్య దూరం వేరే చిక్కు. కాలిఫోర్నియాలో ఉదయం 8 గంటలైతే ఇటలీలో సాయంత్రం 5 అవుతుంది, జపాన్‌లో అర్ధరాత్రి. ముగ్గురికీ అనువైన సమయమంటూ గడియారంలో లేదు. అందుకని మాట్లాడుకున్నదాన్ని రాసిపెట్టుకోవడం, కోడ్‌తో పాటే దాని వివరణ కూడా ఉంచడం పద్ధతిగా సాగాలి. లేకపోతే ఒక ఖండంలో తీసుకున్న నిర్ణయం మరో ఖండానికి అర్థం కాకుండా పోతుంది.

భౌగోళిక దూరం కన్నా విద్యల మధ్య దూరం ఎక్కువ ఇబ్బంది పెట్టింది. కణ భౌతిక శాస్త్రజ్ఞులకు ప్రతి ఘటనా ఒక విడి సంఘటన. దాన్ని ముక్కముక్కలుగా పరిశీలించి రూట్ అనే సాఫ్ట్‌వేర్ తరహా ఫైళ్లలో దాచుకుంటారు. ఖగోళ శాస్త్రజ్ఞులకు కావలసింది ఆకాశం మీద ఒక చుక్క, దాని ప్రకాశం, దాని కాలక్రమం. వాళ్ల డేటా దశాబ్దాలుగా ఫిట్స్ అనే ఫైళ్లలో ఉంటోంది. ఎవరి అలవాటు వాళ్లకు సరైనదే. ల్యాట్ బృందం ఎవరినీ మతం మార్చుకోమనలేదు. కణాన్ని గుర్తించి, దాని దిక్కు, శక్తి తేల్చేవరకు కణ భౌతిక శాస్త్రజ్ఞుల పద్ధతి నడుస్తుంది. ఆ తర్వాత ఫలితం ఫిట్స్ రూపంలోకి మారి ఖగోళ శాస్త్రజ్ఞుల చేతికి వస్తుంది. ఈ సరిహద్దును ముందే స్పష్టంగా గీసుకోవడం బృందం తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి. ప్రతి గామా కిరణానికీ ఏయే వివరాలు రాయాలి, శక్తిని ఏ ప్రమాణంలో చెప్పాలి, కాలాన్ని ఎక్కడి నుంచి లెక్కించాలి అన్నవన్నీ అక్కడ ఖరారయ్యాయి. ఫెర్మీ గడియారం 2001 జనవరి 1 అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లను లెక్కిస్తుంది.

ఆ సెకన్ల లెక్క ఎంత ముఖ్యమో పల్సార్లు చెబుతాయి. ఇవి వేగంగా తిరిగే నక్షత్రాలు. కొన్ని సెకనుకు పదుల సార్లు, కొన్నైతే వందల సార్లు తిరుగుతాయి. ఒక్కో గామా కిరణం ఏ క్షణాన వచ్చిందో చాలా ఖచ్చితంగా తెలియకపోతే వాటి నాడి దొరకదు. అందుకని ప్రయోగానికి ముందు నేల మీదే ఒక పరీక్ష చేశారు. వాతావరణం పైభాగంలో పుట్టి కిందికి రాలే మ్యూయాన్ కణాలు దేన్నైనా దూసుకుపోతాయి. ఉపగ్రహం పక్కన ఒక చిన్న మ్యూయాన్ పరికరం, దానికి వేరే జీపీఎస్ గడియారం పెట్టారు. రెండింటినీ దాటుకుంటూ వెళ్లిన మ్యూయాన్‌కు రెండు గడియారాలూ వేసిన సమయాలను పోల్చారు. సెన్సర్, ఎలక్ట్రానిక్స్, గడియారం, ఆ సమయాన్ని ఫైలులో రాసే కోడ్ అన్నీ ఒకే గొలుసుగా సరిగా ఉన్నాయని అలా రుజువైంది. విడివిడిగా పరీక్షించిన ముక్కలు కలిసినప్పుడు కూడా నిజం చెబుతాయని చూపించగలిగేది ఇలాంటి పరీక్షే.

ఇంతకన్నా పెద్ద పరీక్ష డేటా చాలెంజ్ పేరుతో జరిగింది. 2006లో జరిగిన రెండో విడతలో 55 రోజుల ఆకాశాన్ని పూర్తిగా కంప్యూటర్‌లోనే సృష్టించారు. అందులో ఎక్కడెక్కడ ఏ వస్తువులు పెట్టారో, ఏవి ఏ రోజున ప్రకాశిస్తాయో తయారుచేసిన కొద్దిమందికే తెలుసు. మిగతావాళ్లకు అసలు డేటా వచ్చినట్టే ఫైళ్లు ఇచ్చి, కనిపెట్టమన్నారు. నెలల తర్వాత అందరూ ఒకచోట చేరినప్పుడు అసలు జవాబులు బయటపెట్టారు. ఎవరు ఏది కనుక్కున్నారన్నది ఉత్సాహం కోసం. నిజమైన లాభం వేరు. ఏ ఫైలు తెరుచుకోలేదు, ఏ ప్రోగ్రాము నిమిషంలో చేయాల్సిన పనికి రోజు తీసుకుంది, ఏ వివరణ చదివితే అర్థం కాలేదు అన్నవి ప్రయోగానికి రెండేళ్ల ముందే తెలిసిపోయాయి. గడువు దగ్గరపడ్డప్పుడు ఇలాంటి తాలీములను పక్కన పెట్టాలనిపిస్తుంది. ఈ బృందం ఆ పని చేయకపోవడం అభినందించదగ్గది.

అదే ఏడాది పరికరానికి అదనంగా తయారుచేసిన కొన్ని భాగాలను సెర్న్‌కు తీసుకెళ్లి, తెలిసిన శక్తి ఉన్న కణాలతో పరీక్షించారు. సిమ్యులేషన్ చెప్పినదానికీ కొలతకూ మధ్య కొన్ని తేడాలు తేలాయి. ఆ తేడాల సంగతి తెలిసే ప్రయోగానికి సిద్ధమయ్యారు.

పైకి వెళ్లాక మొదటి 95 గంటల డేటాతోనే ఆకాశం మొత్తం పటం తయారైంది. అయితే సిమ్యులేషన్‌లో లేనిదొకటి కూడా కనిపించింది. ఒక గామా కిరణం లోపలికి రావడానికి కొద్ది మైక్రోసెకన్ల ముందు ఏదో కాస్మిక్ కణం దూసుకుపోయి ఉంటే, దాని ఆనవాళ్లు ఎలక్ట్రానిక్స్‌లో ఇంకా మిగిలి ఉండేవి. అవి కిరణం ఆనవాళ్లతో కలిసిపోయి, మంచి కిరణాన్ని కూడా కాస్మిక్ కణంగా చూపించేవి. బృందం వీటిని దెయ్యాలు అని పిలుచుకుంది. సిమ్యులేషన్ ఒక్కోసారి ఒక్క కణాన్నే పంపేది కాబట్టి ఇవి ముందు కనబడలేదు. మరి విరుగుడు? సెకనుకు రెండుసార్లు, ఏ కారణమూ లేకుండానే, పరికరం తన స్థితిని నమోదు చేసే ఏర్పాటు అప్పటికే ఉంది. అలా వచ్చిన నిజమైన నేపథ్యాన్ని కల్పిత కణాల మీద పరిచి సిమ్యులేషన్‌ను మళ్లీ నడిపారు. పరికరం అసలు సామర్థ్యం ఎంతో అప్పుడు సరిగ్గా తేలింది.

అది రోగం ఎంత ఉందో చెప్పింది గానీ మందు కాలేదు. మందు కోసం కణాల దారిని కట్టే పద్ధతినీ, స్ఫటికాల్లోని శక్తిని గుంపులుగా విడదీసే పద్ధతినీ మొదలంటా తిరగరాశారు. దెయ్యం వదిలిన శక్తిని కిరణం శక్తి నుంచి వేరుచేయడం దాంతో వీలైంది. ఏళ్ల తరబడి సాగిన ఈ పని పాస్ 8 పేరుతో 2015లో బయటికొచ్చింది. 2008 నుంచి వచ్చిన డేటా మొత్తాన్నీ కొత్త కోడ్‌తో మళ్లీ నడిపారు. పరికరంలో ఒక్క మరనూ ముట్టుకోకుండా, దాని చూపు ముందుకన్నా మెరుగైంది. ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే అనిపిస్తుంది. నేలకు వచ్చిన ముడి డేటాను పదిలంగా దాచడం, పాత డేటాను మళ్లీ నడపగలిగే కంప్యూటర్ ఏర్పాటును మొదటినుంచీ ఉంచుకోవడం వల్లే అది సాధ్యపడింది. ఆ తర్వాత కూడా, ప్రయోగం జరిగి పదేళ్లయ్యాక, పలకల మధ్య సందుల దగ్గర నుంచి కొన్ని ఎలక్ట్రాన్లు జొరబడుతున్నాయని గుర్తించి మరో సవరణ చేశారు.

ఇలా వెర్షన్లు మారుతున్నప్పుడు డేటాను వాడేవాళ్లు తికమక పడకూడదు. ఏ వెర్షన్ డేటాకైనా, పరికరం సామర్థ్యాన్ని చెప్పే ఆ వెర్షన్ పట్టికనే వాడాలి. పొరపాటున కలిపితే జవాబు వస్తుంది గానీ తప్పు జవాబు వస్తుంది. పీ8ఆర్3 సోర్స్ వీ3 వంటి పేర్లు అందుకే పుట్టాయి. పాస్ ఎన్నోది, సవరణ ఎన్నోది, జల్లెడ ఎంత కఠినమైనది, పట్టిక ఎన్నోది అన్న నాలుగు సంగతులు ఆ పేరులోనే ఉంటాయి. చూడటానికి ముద్దుగా లేకపోయినా ఎన్నో పరిశోధన పత్రాలను తప్పుల నుంచి కాపాడిన పేర్లు అవి.

2009 ఆగస్టు నుంచి గామా కిరణాల డేటా, దాన్ని విశ్లేషించే ప్రోగ్రాములు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. దాని ఫలం త్వరగానే కనిపించింది. 2010లో మెంగ్ సు, ట్రేసీ స్లాటియర్, డగ్లస్ ఫింక్‌బైనర్ మన పాలపుంత కేంద్రానికి పైనా కిందా పరుచుకున్న రెండు భారీ గామా కిరణ బుడగలను కనుగొన్నారు. వాళ్లు వాడింది బహిరంగంగా పెట్టిన డేటానే. బయటివాళ్లు కూడా నమ్మకంతో వాడగలిగేలా కోడ్ రాసినప్పుడే ఇలాంటివి జరుగుతాయి. ఈగ్రెట్ మూడో జాబితాలో 271 గామా కిరణ వస్తువులు ఉండగా, ఎనిమిదేళ్ల ఫెర్మీ డేటాతో తయారైన నాలుగో జాబితాలో 5,000 దాటాయి.

భారత్ ప్రయోగించిన ఆస్ట్రోశాట్‌లో సమన్వయం మరో రూపంలో ఉంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ సీ30 మీద వెళ్లిన ఈ ఉపగ్రహంలో అయిదు ఖగోళ పరికరాలు ఉన్నాయి. అతినీలలోహిత టెలిస్కోపు బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ ఆధ్వర్యంలోది. కొన్ని ఎక్స్‌రే పరికరాలు ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవి. కెనడా అంతరిక్ష సంస్థ, బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయం కూడా భాగస్వాములు. ఇక్కడ అందరికీ ఒకే కోడ్ లేదు. డేటా మొదట బెంగళూరు దగ్గరి బైలాలులో ఉన్న ఇస్రో డేటా కేంద్రానికి చేరుతుంది. అక్కడి నుంచి ప్రతి పరికరం డేటా దాన్ని నడిపే కేంద్రానికి వెళ్లి, శాస్త్రజ్ఞులు వాడుకునే రూపం పొంది మళ్లీ భాండాగారానికి వస్తుంది. ఒకే నక్షత్రాన్ని ఒకే సమయంలో వేర్వేరు కిరణాల్లో చూడటం ఈ ఉపగ్రహం ప్రత్యేకత. అందువల్ల ఎవరి ప్రోగ్రాములు వాళ్లవైనా, కాలం లెక్కలో, ఫైళ్ల రూపంలో అందరూ ఒక మాట మీద ఉండక తప్పదు.

ఉపగ్రహం ఏళ్ల తరబడి నడుస్తున్నకొద్దీ సాఫ్ట్‌వేర్‌కు వయసు మీద పడుతుంది. రాసిన విద్యార్థులు పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోతారు. వాడిన సాధనాలు పాతబడతాయి. ఫెర్మీ విశ్లేషణ ప్రోగ్రాములను కాలక్రమంలో గిట్‌హబ్‌కు తరలించి, కోండా అనే ప్యాకేజీ వ్యవస్థ ద్వారా ఎవరైనా తేలిగ్గా తమ కంప్యూటర్‌లో పెట్టుకునే ఏర్పాటు చేశారు. కొత్త తరానికి అలవాటైన పైథాన్ భాషలో వాటిని నడిపే సౌకర్యమూ వచ్చింది. లోపల మాత్రం సీ ప్లస్ ప్లస్‌లో రాసిన పాత లెక్కలే నడుస్తుంటాయి. వాటిని ముట్టుకునే ప్రతి మార్పునూ, పాత ఫలితం మళ్లీ అలాగే వస్తుందో లేదో చూసుకున్నాకే లోపలికి తీసుకోవాల్సి ఉంటుంది.